వినతిపత్రం రెండుసార్లు తిరిగొచ్చింది: ఒప్పించేలా రాయడం ఎలా?

భీమిలి_గాలి

నేను విశాఖపట్నంలో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో చివరి సంవత్సరం చదువుతున్నాను. చేరిన రోజున మా పదో తరగతి, ఇంటర్మీడియట్ ఒరిజినల్ మార్కుల జాబితాలు ఆఫీసులో తీసుకున్నారు. ఇప్పుడు అడిగితే, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పూర్తిగా అందేవరకు ఇచ్చేది లేదంటున్నారు. మా తరగతిలో ఒక అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. పత్రాల పరిశీలన రోజున ఆమె జిరాక్సులు మాత్రమే చూపగలిగింది కనుక వారం రోజుల గడువిచ్చారు. ఆ వారంలో ఆమె నాలుగుసార్లు ఆఫీసు మెట్లెక్కింది. పత్రాలు రాలేదు, ఉద్యోగం పోయింది.

ఆ బాధలో నేను మూడు పేజీల వినతిపత్రం రాశాను. 142 మంది సంతకాలు చేశారు. మొదటిసారి ప్రిన్సిపాల్ గారు చూద్దామన్నారు. రెండోసారి పూర్తిగా చదివి, "ఇది వినతిపత్రం కాదమ్మా, ఉపన్యాసం. నేనేం చేయాలో ఇందులో ఎక్కడా లేదు" అంటూ నా చేతికే తిరిగిచ్చారు. వక్తృత్వ పోటీల్లో బహుమతులు తెచ్చుకున్నదాన్ని కాబట్టి ఆ మాట నన్ను చాలా కలచివేసింది. మొదటి పేరా ఇది:

"విద్య వ్యాపారంగా మారిన ఈ రోజుల్లో విద్యార్థుల కన్నీళ్లు ఎవరికీ కనిపించడం లేదు. రేపటి పౌరులమైన మా భవిష్యత్తును బీరువాలో పెట్టి తాళం వేసిన ఈ వ్యవస్థ ఎప్పుడు కళ్లు తెరుస్తుంది?"

ఇందులో అబద్ధమేమీ లేదు. అయినా ఎందుకు పనిచేయలేదో, ఎలా రాస్తే పనిచేస్తుందో అనుభవమున్నవారు చెప్పండి.

గాజువాక_జంక్షన్

ఈ పేరాను ఏ ఊళ్లో ఏ కళాశాలకైనా, ఏ సమస్య మీదైనా ఇవ్వవచ్చు. హాస్టల్ భోజనం గురించి రాసినా ఇదే పేరా సరిపోతుంది. లోపం అక్కడే ఉందని నాకనిపిస్తోంది.

పెదవాల్తేరు_మాస్టారు

అమ్మా, ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాడిగా రెండు మాటలు చెబుతాను. వక్తృత్వ పోటీలో వినేవారు ముందే నీ పక్షాన ఉంటారు. అక్కడ నీ గొంతు, నీ పదబంధం చూసి మార్కులు వేస్తారు. వినతిపత్రం చదివే మనిషి నీకు ఎదురుగా కూర్చుని ఉంటాడు, కాదనడానికి ఆయన దగ్గర కారణాలుంటాయి. ఆ కారణాలకు నీ మూడు పేజీల్లో చోటు దొరికిందా?

మన శాస్త్రకారులు వాదం మొదలుపెట్టే పద్ధతి ఒకటుంది. ముందు పూర్వపక్షం చెప్పాలి. అంటే ఎదుటివాడి వాదాన్ని, వాడు స్వయంగా చెప్పుకున్నా ఇంతకంటె బాగా చెప్పలేడనిపించేటంత నిజాయితీగా, వాడి నోటితోనే చెప్పినట్టు చెప్పాలి. ఆ తరువాతే సిద్ధాంతం, అంటే మన వాదం. పూర్వపక్షాన్ని బలహీనంగా చెప్పి ఖండించినవాడిని పండితసభలో ఎవరూ లెక్కచేసేవారు కాదు. మీ కళాశాల పత్రాలు ఎందుకు అట్టిపెట్టుకున్నదో, వారి వైపు నుంచి ఒక్క పేరా ఇక్కడ రాసి చూపించు. అది రాయగలిగితే మిగిలినది తేలిక.

భీమిలి_గాలి

ప్రయత్నించాను మాస్టారూ. "డబ్బు కోసం" అన్న రెండు మాటలు దాటి నా కలం ముందుకు సాగలేదు. వారికి వేరే కారణం ఏముంటుందో నిజంగా నాకు తెలియదు.

జమాఖర్చు_పుస్తకం

ఆ పేరా నేను చెబుతాను. ఈ నగరంలోనే ఒక కళాశాలలో (మీది కాదు) పదకొండేళ్లుగా లెక్కలు చూస్తున్నాను.

మా విద్యార్థుల్లో ఎక్కువమంది కన్వీనర్ కోటాలో, రీయింబర్స్‌మెంట్ మీద చేరినవారే. ఆ డబ్బు మాకు నెలనెలా రాదు. విడతలుగా, కొన్నిసార్లు ఏడాది దాటి వస్తుంది. జీతాలు మాత్రం నెలనెలా ఇవ్వాలి. మా దగ్గర ముగ్గురు అధ్యాపకులు రెండు నెలలు జీతం లేకుండా పాఠం చెప్పారు, వారిలో ఒకరి భార్యకు అప్పుడే కాన్పు. కొన్నేళ్లపాటు ప్రభుత్వం ఆ సొమ్మును తల్లుల ఖాతాల్లో జమ చేసింది. అందిన కుటుంబాల్లో కొన్ని కట్టలేదు, పిల్లలు కోర్సు ముగించి వెళ్లిపోయారు. వారిని వెతికి పట్టుకునే దారి మాకు లేదు. ఒరిజినల్స్ బీరువాలో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు తిరిగి వస్తారన్న ఆశ ఒక్కటే మిగిలింది. ఈ పని సరైనదని నేననడం లేదు. మీ ప్రిన్సిపాల్ గారి మనసులో మాత్రం ఇదే ఉంటుంది. "విద్య వ్యాపారమైంది" అని చదవగానే ఆయనకు ఆ జీతం అందని అధ్యాపకులు గుర్తొస్తారు, మీ కాగితం అక్కడే మూతపడుతుంది.

మధురవాడ_అమ్మ

తల్లుల ఖాతా మాట వచ్చింది గనుక చెబుతున్నాను. మా అమ్మాయి డబ్బు నా ఖాతాలో పడిన వారంలోనే తీసుకెళ్లి కట్టి రశీదు తీసుకున్నాను. నాతోపాటు వరుసలో నిలబడినవారంతా ఇళ్లలో పని చేసుకునేవారూ, టిఫిన్ బండి నడుపుకునేవారూ. కొందరు కట్టలేదన్న మాట అబద్ధమని నేననను. కానీ కట్టినవారి పిల్లల కాగితాలు కూడా అదే బీరువాలో ఎందుకున్నాయి? ఈ ప్రశ్న వినతిపత్రంలో ఉండాలి.

న్యాయశాస్త్రం_మూడో_ఏడు

జమాఖర్చు గారు చెప్పిన కష్టం నిజమే. అయినా నియమం స్పష్టంగా ఉంది. ఫీజుల వాపసు, ఒరిజినల్ పత్రాలు అట్టిపెట్టుకోకపోవడం గురించి విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2018 అక్టోబరులో ఒక ప్రకటన ఇచ్చింది. ప్రవేశ సమయంలో విద్యార్థి ఎదుటనే ఒరిజినల్స్ సరిచూసి, వెంటనే తిరిగి ఇచ్చేయాలి. విద్యార్థి స్వయంగా ధ్రువీకరించిన నకళ్లు మాత్రమే సంస్థ దగ్గర ఉంచుకోవాలి. విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా ఉన్న కళాశాలలకు కూడా ఇది వర్తిస్తుంది. బకాయి వసూలు వేరే విషయం. దానికి వేరే దారులున్నాయి.

ఒక జాగ్రత్త. చాలామంది టీసీని, మార్కుల జాబితాను ఒకే గాటన కట్టి అడుగుతారు. టీసీ మీ కళాశాల ఇవ్వవలసిన పత్రం, కోర్సు పూర్తయ్యాక దాని నియమాలు దానికి ఉన్నాయి. పదో తరగతి, ఇంటర్ మార్కుల జాబితాలు పరీక్షల బోర్డులు మీకిచ్చినవి. రెండూ కలిపి అడిగితే టీసీ మీద చర్చ పెట్టి అసలు సంగతి పక్కకు నెట్టేస్తారు. మార్కుల జాబితాల వరకే అడగండి.

2023 ఏప్రిల్‌లో వచ్చిన విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు కూడా చూడండి. వాటి ప్రకారం ఫిర్యాదుల పరిష్కార కమిటీ 15 పనిదినాల్లో తన నివేదిక ఇవ్వాలి. దానితో తృప్తిపడనివారు అంబుడ్స్‌పర్సన్‌కు, అంటే అలాంటి అప్పీళ్లు వినే అధికారికి, అప్పీలు చేసుకోవచ్చు. ఈ రెండూ మొదటి పేరాలోనే పెట్టండి, దారికి వస్తారు.

హాస్టల్_గది_14

మొదటి పేరాలో పెట్టవద్దని నా మనవి. మేమూ అదే చేసి దెబ్బతిన్నాం.

విశాఖలో హాస్టల్లో ఉంటూ నీట్‌కు చదువుకుంటున్న విద్యార్థిని 2023లో మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పిచ్చింది. 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ అర్హత కలిగిన కౌన్సెలర్‌నో, మానసిక నిపుణుడినో నియమించుకోవాలనీ, టెలీ మానస్ లాంటి మానసిక ఆరోగ్య సహాయ ఫోను సంఖ్యలు హాస్టళ్లలో, తరగతి గదుల్లో కనిపించేలా పెట్టాలనీ, మార్కులను బట్టి విద్యార్థులను వేరు చేసి బ్యాచులు పెట్టరాదనీ మార్గదర్శకాలు ఇచ్చింది. మన ఊరి బిడ్డల కోసం వచ్చిన తీర్పని మేము దాన్ని తలమీద పెట్టుకుని, మొదటి వాక్యంలోనే "సుప్రీంకోర్టు ఆదేశాన్ని ఉల్లంఘిస్తున్న యాజమాన్యానికి" అని రాశాం. యాజమాన్యం లాయరును పిలిచింది. ఆ తరువాత మాతో ఎవరూ మాట్లాడలేదు. మూడు నెలలు అలాగే గడిచాయి.

ఆ తరువాత మా సీనియర్ ఒకామె అర పేజీ రాసింది. ఆ సెమిస్టరులో రాత్రిళ్లు నిద్రపట్టక వార్డెన్ గది తలుపు తట్టిన పిల్లలు ఎంతమందో, ఆ సమయంలో వార్డెన్ ఏం చేయాలో తెలియక ఎంత నలిగిపోయిందో వార్డెన్ మాటల్లోనే రాయించి, వార్డెన్ సంతకం కూడా తీసుకుంది. తీర్పు మాట చివరి వాక్యంలో మాత్రమే వచ్చింది. ఇప్పుడు వారానికి రెండు రోజులు కౌన్సెలర్ వస్తున్నారు. టెలీ మానస్ సంఖ్య 14416 ప్రతి అంతస్తులోనూ గోడ మీద ఉంది. తీర్పు అడిగినంతా ఇంకా జరగలేదు, కానీ తలుపు తెరుచుకుంది.

న్యాయశాస్త్రం_మూడో_ఏడు

గది 14 చెప్పినదాంతో సగమే ఏకీభవిస్తాను. నియమం చివర ఉంటే చదివేవారు అంతదూరం రాకపోవచ్చు. అందులోనూ మీ వార్డెన్ సంతకం చేసే ధైర్యం ఉన్న మనిషి, అందరికీ అలాంటివారు దొరకరు. అయితే "ఉల్లంఘిస్తున్న" అన్న మాట తీసేసి, "ఈ ప్రకటనను మీ దృష్టికి తెస్తున్నాము" అంటే నియమం బలం తగ్గదు, ఎదుటివారి మర్యాదా చెడదు. నా సలహా సవరించుకుంటున్నాను: రెండో పేరాలో పెట్టండి.

ఉక్కునగరం_పెద్దబ్బాయి

ఇక్కడ అందరూ ఆవేశాన్ని తీసిపారేయమంటున్నట్టుంది. దానికి నేను ఒప్పుకోను. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న నాలుగు మాటలు లేకపోతే ఈ రోజు నేనుంటున్న ఈ కాలనీయే ఉండేది కాదు. విద్యార్థులు తరగతులు వదిలి వీధుల్లోకి వచ్చారు, రాష్ట్రమంతటా కాల్పుల్లో 32 మంది ప్రాణాలిచ్చారు. 1970లో పార్లమెంటులో ప్రకటన, 1971 జనవరిలో శంకుస్థాపన ఆ త్యాగం మీదే జరిగాయి. లెక్కలు, పట్టికలు చూసి ఢిల్లీ కదలలేదు. ఆ అమ్మాయి రాసిన పేరాలో నిప్పుంది, దాన్ని ఆర్పేయకండి.

పెదవాల్తేరు_మాస్టారు

బాబూ, ఆ రోజుల్లో నేను హైస్కూలు కుర్రవాడిని, ఊరేగింపు వెనకాల నడిచినవాడిని. ఆ నినాదం ఇప్పటికీ చెవుల్లో ఉంది. దానికి నేను తలవంచుతాను. కానీ ఆ నినాదం వెనక ఒక కాగితం ఉందన్న సంగతి మరచిపోకూడదు. 1965లో ఆంగ్లో-అమెరికన్ నిపుణుల బృందం స్థలాలన్నీ పరిశీలించి విశాఖపట్నమే అనువైనదని నివేదిక ఇచ్చింది. ఆ నివేదికను పక్కన పెడుతున్నారన్న అనుమానంతోనే అగ్గి రాజుకుంది. నినాదంలోని "హక్కు" అన్న మాటకు ఆ నివేదిక ఆధారం. ఆధారం లేని హక్కుకు జనం అంత గట్టిగా నిలబడేవారు కారు.

ఇంకొకటి మనకు దగ్గరిదే, విజయనగరం సంగతి. కళాశాలకు పోయే పిల్లలు ఏ తెలుగులో వ్యాసం రాయాలన్న ప్రశ్న మీద మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన ఉపసంఘంలో గురజాడ అప్పారావు గారు సభ్యులు. అధిక సంఖ్యాకులు గ్రాంథికానికే మొగ్గారు. 1914లో ఆయన తన అసమ్మతి పత్రం సమర్పించారు. విద్యార్థుల సమస్య మీద తెలుగువాడు చేసిన వాదనల్లో అంత శ్రద్ధగా కూర్చినది నేను మరొకటి చూడలేదు. తెలుగు కోసం చేసిన ఆ వాదనను ఆయన ఇంగ్లీషులో రాశారు. చదివేవారు విశ్వవిద్యాలయ సభ్యులు, వారి వ్యవహారమంతా ఆ భాషలోనే. ఆనాడు ఆయన వాదం నెగ్గలేదు, మరుసటి ఏడు నవంబరులో ఆయనే కన్నుమూశారు. మనమిప్పుడు ఇక్కడ రాసుకుంటున్నది ఆయన అడిగిన వాడుక తెలుగే. కనుక నిప్పు ఉండనీ బాబూ, అది చదివేవాడి చేతిని కాల్చకుండా దీపంలో ఉండనీ.

ఉక్కునగరం_పెద్దబ్బాయి

నిపుణుల నివేదిక సంగతి మా నాన్నగారు కూడా చెప్పేవారు, నేను మరచిపోయాను మాస్టారూ. అయినా ఆ ఉద్యోగం పోయిన అమ్మాయి సంగతి కాగితంలో ఉండి తీరాలి. దాన్ని తీసేస్తే నేను సంతకం పెట్టను.

తగరపువలస_బస్సు

ఉండాలి, కానీ కన్నీళ్లుగా కాదు, తేదీలుగా. మా అనుభవం చెబుతాను.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆడవారికి బస్సు ప్రయాణం ఉచితమయ్యాక మా వైపు ఉదయం బస్సులు బాగా నిండిపోతున్నాయి. ఆ పథకం వల్లే నాతో చదివే ఇద్దరు అమ్మాయిలు చదువు మానకుండా ఉన్నారు, కాబట్టి పథకాన్ని ఒక్క మాట అనడానికి మాకు మనసొప్పలేదు. కానీ పాసు ఉన్న అబ్బాయిలూ, టికెట్ అక్కరలేని అమ్మాయిలూ అందరూ మెట్ల మీద వేలాడుతూ వెళ్లవలసి వచ్చేది. "అదనపు బస్సులు వేయాలి" అని మూడు సంఘాలు మూడు వినతిపత్రాలు ఇచ్చాయి. డిపోలో బస్సులు లేవన్నది ఎప్పుడూ ఒకటే జవాబు.

మేము నలుగురం సోమవారం నుంచి శనివారం దాకా ఆరు రోజులు స్టాపులో నిలబడి, ఉదయం 7 గంటల నుంచి 9 గంటల వరకు వచ్చిన ప్రతి బస్సు సమయం, ఎక్కినవారు, ఎక్కలేక మిగిలిపోయినవారు ఎంతమందో నోటుపుస్తకంలో రాశాం. రాసుకుంటుంటే మాకే తెలియని సంగతి బయటపడింది. రెండు బస్సులు నాలుగు నిమిషాల తేడాతో ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి, ఆ తరువాత 35 నిమిషాలు ఏమీ లేదు. రెండో బస్సు సగం ఖాళీగా పోతోంది! మేము అదనపు బస్సు అడగడం మానేసి, ఆ రెండో బస్సును 20 నిమిషాలు వెనక్కు జరపమని అడిగాం. డిపోకు పైసా ఖర్చు లేదు. అధికారి ఆ నోటుపుస్తకం తిప్పి చూసి, తన దగ్గరి పట్టికతో సరిపోల్చుకుని, పది రోజుల్లో మార్చారు.

భీమిలి_గాలి గారూ, 142 సంతకాల్లో ఈ నెలలో ఒరిజినల్స్ నిజంగా అవసరమైనవారు ఎంతమంది? ఎవరికి ఏ తేదీలోపు కావాలి?

భీమిలి_గాలి

ఇంతవరకు ఎవరినీ అలా అడగలేదు. రేపు అడుగుతాను.

కొండదారి_పాడేరు

అడిగేటప్పుడు దూరం కూడా అడగండి. నేను చదువు ముగించి ఊరు వెళ్లిపోయాక నా కాగితాల కోసం మూడుసార్లు విశాఖ వచ్చాను. పాడేరు ఘాట్ దిగి రావడం, పోవడం ఒక రోజు పని, నాన్నకు ఒక రోజు కూలి. మొదటిసారి గుమాస్తా సెలవు, రెండోసారి బీరువా తాళం కరస్పాండెంట్ గారి దగ్గర ఉందన్నారు, మూడోసారి ఇచ్చారు. నన్నెవరూ తిట్టలేదు, ఎవరూ చెడ్డవారు కారు. కానీ ఆ మూడు రోజుల లెక్క ఎవరి పుస్తకంలోనూ లేదు.

ఇంకొక మాట. మీ వినతిపత్రం భాష పెద్దదిగా ఉంటే మా వైపు పిల్లలు అర్థం కాకుండానే సంతకం పెట్టేస్తారు. తరువాత ప్రిన్సిపాల్ పిలిచి అడిగితే వారికి చెప్పడానికేమీ ఉండదు.

న్యాయశాస్త్రం_మూడో_ఏడు

పాడేరు అన్న చెప్పిన రెండో సంగతి బంగారం లాంటి మాట. సంతకం పెట్టిన ప్రతివారూ ఆ కాగితంలో ఏముందో తమ మాటల్లో చెప్పగలగాలి.

భీమిలి_గాలి

మూడు రోజులు పట్టింది. 142 మందిలో 31 మందికి ఈ రెండు నెలల్లోపు ఒరిజినల్స్ కావాలి. పీజీ ప్రవేశాలకు 19 మంది, వచ్చిన ఉద్యోగాలకు 8 మంది, పాస్‌పోర్టు, బ్యాంకు రుణం లాంటి పనులకు నలుగురు. మిగిలిన 111 మంది మా మీద అభిమానంతో సంతకం పెట్టారు. ఆ 31 మందిలో 27 మంది కన్వీనర్ కోటావారు, వారి బకాయి ప్రభుత్వం నుంచి రావలసినదే. ఎవరి సొమ్ము ఏ స్థితిలో ఉందో జ్ఞానభూమి పోర్టల్‌లో చూసి ముద్రించి పెట్టుకున్నాను. మాస్టారు అడిగిన పూర్వపక్షం కూడా ఇప్పుడు రాయగలిగాను. చిత్తుప్రతి ఇదిగో:

"ప్రిన్సిపాల్ గారికి,

చివరి సంవత్సరం విద్యార్థులం 31 మందిమి మా పదో తరగతి, ఇంటర్మీడియట్ ఒరిజినల్ మార్కుల జాబితాలను ఈ నెలాఖరులోగా తిరిగి ఇవ్వవలసిందిగా కోరుతున్నాము. ఎవరికి, ఎందుకు, ఏ తేదీలోపు అవసరమో జతచేసిన పట్టికలో ఉంది.

రీయింబర్స్‌మెంట్ ఆలస్యం కావడం వల్ల అధ్యాపకుల జీతాలు ఆగుతున్నాయనీ, గతంలో కొందరు సొమ్ము అందుకుని కట్టకుండా వెళ్లిపోయారనీ మాకు తెలుసు. మాకు పాఠం చెప్పినవారికి జీతం అందకపోవడం మాకూ బాధాకరమే. అయితే మాలో 27 మంది బకాయి ప్రభుత్వం నుంచి రావలసినది. మా మార్కుల జాబితాలు బీరువాలో ఉండటం వల్ల ఆ సొమ్ము ఒక్క రోజు కూడా ముందుగా విడుదల కాదు. అవి మా చేతిలో ఉంటే చదువో ఉద్యోగమో దొరుకుతుంది. గత నెలలో మా తరగతి విద్యార్థిని ఒకరు పత్రాల పరిశీలనకు ఏడు రోజుల గడువు పొంది, ఆ ఏడు రోజుల్లో నాలుగుసార్లు ఆఫీసుకు వచ్చి, ఎనిమిదో రోజున ఉద్యోగం కోల్పోయారు.

ఒరిజినల్ పత్రాలను సరిచూసిన వెంటనే తిరిగి ఇవ్వాలన్న యూజీసీ 2018 అక్టోబరు ప్రకటనను మీ దృష్టికి తెస్తున్నాము. ప్రతి ఒక్కరం స్వయంగా ధ్రువీకరించిన నకళ్లు, ప్రస్తుత చిరునామా, ఫోను నంబరు ఇస్తాము. బకాయి విడుదల కోసం యాజమాన్యం ప్రభుత్వానికి రాసే లేఖపై మేమందరమూ సంతకం చేస్తాము."

గాజువాక_జంక్షన్

ఈ కాగితాన్ని ఇంకే కళాశాలకూ ఇవ్వలేం. ఇప్పుడిది మీది.

పెదవాల్తేరు_మాస్టారు

మన ప్రాచీన తర్కశాస్త్రంలో అనుమానానికి, అంటే తెలిసినదాన్ని బట్టి తెలియనిదాన్ని నిరూపించడానికి, అయిదు అవయవాలంటారు: ప్రతిజ్ఞ (నిరూపించదలచిన మాట), హేతువు (కారణం), ఉదాహరణ, ఉపనయం (ఉదాహరణను మన విషయానికి అన్వయించడం), నిగమనం (చివర మళ్లీ చెప్పే నిర్ణయం). కొండ మీద నిప్పుంది, పొగ కనిపిస్తోంది గనుక, వంటింట్లో చూశాం గదా అన్నట్టు. నీకు తెలియకుండానే ప్రతిజ్ఞ మొదటి పేరాలో చెప్పావు, హేతువూ ఉదాహరణా రెండో పేరాలో వచ్చాయి. నిగమనం మాత్రం లేదు. కోరినది చివర మరొక్కసారి, తేదీతో సహా చెప్పు. మధ్యలో ఎన్ని చదివినా చేతిలో మిగిలేది ఆఖరి వాక్యమే.

"ఎనిమిదో రోజున" అన్న వాక్యం ముట్టుకోవద్దు. ఉక్కునగరం అబ్బాయి అడిగిన నిప్పు అక్కడుంది.

జమాఖర్చు_పుస్తకం

ప్రభుత్వానికి రాసే లేఖపై సంతకం చేస్తామన్న వాక్యం చదివి చాలాసేపు ఆగిపోయాను. ఇన్నేళ్లలో విద్యార్థులు మాతో ఆ మాట అనడం నేను వినలేదు. ఒకటి చేర్చండి: బకాయి విడుదల కాకపోతే తామే కడతామని ఒక హామీపత్రం ఇస్తే యాజమాన్యం వెంటనే ఒప్పుకుంటుంది.

మధురవాడ_అమ్మ

ఆ హామీపత్రం మాత్రం వద్దు. ప్రభుత్వం కడతానన్న సొమ్ముకు కూలి చేసుకునే ఇంటిని పూచీ పెట్టమంటే ఎలా? ఈ రోజు ఉద్యోగం కోసం సంతకం పెట్టిన పిల్ల రేపు పెళ్లినాటికి కూడా ఆ అప్పు మోస్తుంది. మీ మంచితనం నాకు అర్థమైంది జమాఖర్చు గారూ, కానీ ఈ ఒక్క విషయంలో నేను వెనక్కు తగ్గను.

న్యాయశాస్త్రం_మూడో_ఏడు

అమ్మగారి పక్షమే నాదీ. ఇవ్వవలసిన పత్రాన్ని ఇవ్వడానికి షరతు పెట్టడమంటే మళ్లీ అట్టిపెట్టుకోవడమే. దాని బదులు, రీయింబర్స్‌మెంట్ సొమ్ములో ఏదైనా భాగం తమ ఖాతాకు జమ అయితే దాన్ని వెంటనే కళాశాలకు చెల్లిస్తామని రాయండి. న్యాయమైనది అంతవరకే. కళాశాలకు ఇప్పటివరకు ఎంత విడుదలైందో సంబంధిత సంక్షేమ శాఖ కార్యాలయాన్ని సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడగవచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. అది కూడా చేతిలో ఉంచుకోండి.

జమాఖర్చు_పుస్తకం

సరే, నా సూచన వెనక్కు తీసుకుంటున్నాను. రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకదానిపై అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. ఇన్‌వార్డు నంబరు లేని కాగితం ఆఫీసులో కాగితమే కాదు.

భీమిలి_గాలి

సోమవారం ఇచ్చాను. చివరి వాక్యంలో కోరిక, తేదీ చేర్చాను. హామీపత్రం బదులు న్యాయశాస్త్రం గారి వాక్యం పెట్టాను. ఇచ్చేముందు 31 మందినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చిన ముగ్గురు "నకళ్లు" అంటే ఏమిటని అడిగారు. ఆ మాట తీసి "జిరాక్సులు" అని మార్చాను.

ప్రిన్సిపాల్ గారు నిలబడే చదవడం మొదలుపెట్టి, రెండో పేరా దగ్గర కూర్చున్నారు. పట్టిక చూసి, దగ్గర్లో గడువున్నవారు ఎవరని అడిగారు. చెప్పాను. గురువారం నాటికి 27 మందికి మార్కుల జాబితాలు వచ్చాయి. మిగిలిన నలుగురు మేనేజ్‌మెంట్ కోటావారు, వారి ఫీజు వారే కట్టవలసినది. అది యాజమాన్యంతో మాట్లాడాలన్నారు. ఉద్యోగం పోయిన మా స్నేహితురాలికి కూడా కాగితాలు ఇచ్చారు. ఆ సంస్థవారికి ఫోను చేస్తే ఆ స్థానంలో వేరొకరు చేరిపోయారని చెప్పారట. ఆమె ఇంకొకచోట దరఖాస్తు పెట్టుకుంది.

న్యాయశాస్త్రం_మూడో_ఏడు

27 మందికి అభినందనలు. అయితే ప్రకటనలో కోటాల తేడా లేదు. ఆ నలుగురికీ అదే నియమం. ఫిర్యాదుల పరిష్కార కమిటీకి వెళ్లవలసింది ఇప్పుడే.

హాస్టల్_గది_14

కమిటీకి వెళ్లేముందు ఇంకొక్కసారి ఆయన్నే కలవండి. ఆయన కూర్చుని చదివారన్నారు కదా.

భీమిలి_గాలి

ఆ నలుగురి కోసం వేరే పత్రం రాయాలి, ఎందుకంటే వారి విషయంలో "ప్రభుత్వం నుంచి రావలసినది" అన్న కారణం పనికిరాదు. వారిలో ఇద్దరి తండ్రులు హార్బరులో చేపల వేటకు వెళ్లేవారు, వేట నిషేధం రోజుల్లో ఇంట్లో రాబడి ఉండదు. వారు ఎప్పటికి ఎంత కట్టగలరో వారినే అడిగి రాసుకుంటున్నాను. కమిటీకి ఇచ్చే ప్రతి, ప్రిన్సిపాల్ గారికి ఇచ్చే ప్రతి రెండూ ఒకేసారి తయారుచేసి, ముందు ఆయనకే ఇస్తాను. ఈ రాత్రికి చిత్తుప్రతి ఇక్కడ పెడతాను.

జమాఖర్చు_పుస్తకం

వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉంటుంది. వాయిదాలు జులై నుంచి మొదలయ్యేటట్టు వేయండి. పట్టికలో కట్టిన మొత్తం, మిగిలిన మొత్తం వేర్వేరు గడుల్లో చూపండి, రశీదు నంబర్లు పక్కన రాయండి. పెట్టగానే చూస్తాను.